ఆంగ్లము నేర్చువారి చిక్కులు

నేను ఎనిమిదవ తరగతి చదువుచున్న కాలమున జరిగిన యొక సంగతి నాకు నేటికిని కన్నులకు కట్టినట్లున్నది. మా తరగతిలో ఒక రైతుబిడ్డ ఉండెను. అతడు లెక్కలలో దిట్ట. తెలుగు పద్యమును ఒకటి రెండు సారులు విన్నంతనే అప్పగించెడివాడు. ఒకనాడు ఆంగ్లోపాధ్యాయుడు అతనిని లేపి, ముందటి దినమున ఇచ్చిన వ్యాసమును వ్రాయలేదా అని ఆంగ్లములో అడిగెను. అతడు నిజముగనే వ్రాయలేదు. ముందటి రాత్రి తండ్రితో గూడ పొలమునకు నీరు పెట్టుటకు పోయి యుండెను. ఆ మాట దాచవలెనని తలపక అతడు వినయముతో చేతులు కట్టుకొని "ఎస్ సార్" అనెను.

"అయినచో చూపుము" అని ఉపాధ్యాయుడు చేయి చాచెను. బాలుడు తెల్లబోయెను. చూపుటకు అతనియొద్ద ఏమియు లేదు. "వ్రాయకపోవుట ఒక తప్పు. వ్రాసితినని బొంకుట అంతకంటె పెద్ద తప్పు" అని ఉపాధ్యాయుడు అతనిని బల్లమీద నిలువబెట్టెను. మేమందరము పకపక నవ్వితిమి. నవ్వినవారిలో నేనును ఒకడను.

ఆ బాలుడు అబద్ధమాడలేదు. తెలుగులో "నీవు వ్రాయలేదా?" అని యడిగినచో, వ్రాయనివాడు "అవునండీ, వ్రాయలేదు" అనును. అడిగినవారి మాట నిజమని ఒప్పుకొనుటయే మన 'అవును'నకు అర్థము. ఆంగ్లములో అట్లు కాదు. ప్రశ్న ఏ రూపములో నున్నను, పని జరిగినచో 'ఎస్' అనియు, జరుగనిచో 'నో' అనియు చెప్పవలయును. మా తోటివాడు ఆంగ్లపదమును పలికెను గాని తెలుగు పద్ధతిని ఆలోచించెను. అతడు చెప్పదలచినది సత్యము. ఉపాధ్యాయునకు వినబడినది అసత్యము. ఆ దినము మొదలు అతడు ఆంగ్లపు గంటలో నోరు విప్పలేదు. ఏడాది తిరుగకముందే బడి మానివేసెను. మానుటకు ఇంటి కష్టములును కారణములై యుండవచ్చును. కాని ఆ బల్లకును, మా నవ్వునకును అందులో పాలు లేదని నేను చెప్పజాలను.

ఈ సంగతిని తలచుకొన్నప్పుడెల్ల నాకు ఒక అభిప్రాయము బలపడుచున్నది. ఆంగ్లములో మన పిల్లలు చేయు తప్పులలో పెక్కు బుద్ధిమాంద్యమువలన పుట్టినవి కావు. సోమరితనమువలన పుట్టినవియు కావు. తెలుగు ఒక త్రోవను, ఆంగ్లము మరియొక త్రోవను నడచును. ఆ రెండు త్రోవలు ఎదురుపడు చోట్లనే మనము తడబడుచుందుము. ఆ చోట్లు ఎక్కడెక్కడ నున్నవో ముందుగా తెలిసికొన్నచో కష్టము చాలవరకు తగ్గును. తెలిసికొనక నవ్వినచో అది రెట్టింపగును. కావున వానిలో ముఖ్యములైన కొన్నిటిని ఇచట చూపుదును.

మొట్టమొదట మనలను తికమక పెట్టునది ఆంగ్లపు అక్షరక్రమము. తెలుగులో ఓనమాలు, గుణింతములు, ఒత్తులు చక్కగ వచ్చినవాడు ఎంత క్రొత్త పదమునైనను చూచి చదువగలడు. అర్థము తెలియకపోయినను ఉచ్చారణ తప్పదు. ఆంగ్లములో అక్షరములు 26 మాత్రమే. ఆ భాషలోని ధ్వనులు సుమారు 44. అచ్చులకై ఏర్పడిన అక్షరములు 5. అచ్చుధ్వనులో 20 వరకు గలవు. నలుగురు చేయవలసిన పనిని ఒక్కడు చేయవలసివచ్చినప్పుడు గందరగోళము కలుగుట సహజమే గదా! 'ఓ, యూ, జీ, హెచ్' అను నాలుగక్షరముల కూర్పును చూడుడు. గట్టి యను అర్థము గల 'టఫ్' అను పదములో దాని ధ్వని 'అఫ్'. గుండా అను అర్థము గల 'త్రూ'లో 'ఊ'. అయినను అని అర్థమిచ్చు 'దో'లో 'ఓ'. దగ్గు అను అర్థము గల 'కాఫ్'లో 'ఆఫ్'. వ్రాత ఒకటి, పలుకుబడి నాలుగు!

ఇందులకు కారణము ఆంగ్లేయుల చరిత్రలో నున్నది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచిపదములు వేలకొలదిగ ఆంగ్లములోనికి వచ్చి చేరినవి. వానివెంట ఫ్రెంచివారి వ్రాతపద్ధతియు వచ్చినది. 1476లో విలియం కాక్స్‌టన్ ఇంగ్లండులో మొదటి ముద్రణాలయమును నెలకొల్పెను. అచ్చుపనివలన పదముల వ్రాత క్రమముగ స్థిరపడజొచ్చెను. కాని ఆ శతాబ్దములలోనే ప్రజల నోళ్లలో అచ్చుధ్వనులు పెద్ద మార్పు చెందుచుండెను. నోరు ముందునకు సాగినది. కాగితము వెనుక నిలిచినది. వీరుడను అర్థము గల 'నైట్' అను పదము మొదట 'కే' అక్షరము నేడు మూగవాని వలె నిలిచియున్నది. పూర్వము ఆంగ్లేయులు దానిని స్పష్టముగ పలికెడివారు. అప్పు అను అర్థము గల 'డెట్'లోని 'బీ' అక్షరమును ఎవరును పలుకరు. లాటిను మూలపదమును జ్ఞప్తికి తెచ్చుటకై పండితులు దానిని తరువాత చొప్పించిరి.

పేరు అను అర్థము గల 'నేమ్' అను పదమును తీసికొనుడు. 1400లో మరణించిన చాసర్ మహాకవి కాలమున దానిని ఇంచుమించు 'నామ' అనియే పలికెడివారు. చివరనున్న 'ఈ' అక్షరము నాడు వ్యర్థము కాదు. మనము సంస్కృతమునుండి తెచ్చుకొన్న 'నామము'నకును, ఈ 'నేమ్'నకును దూరపు చుట్టరికము గలదు. ఇట్లు చూచినచో ఆంగ్లాక్షరక్రమము పిచ్చివాని చేష్ట కాదు. పాత ఇంటిలో పూడ్చివేసిన కిటికీల గుర్తుల వంటిది. మనకును ఇట్టివి లేకపోలేదు. పాత పుస్తకములలో 'వాఁడు' అనుచోట అరసున్న కనిపించును; మనము దానిని పలుకము. 'ఱ' అను బండి రకు వేరు అక్షరమైనను, దాదాపు అందరి నోట నేడు మామూలు రకారమే వినబడును. ఆంగ్లములో అట్టి పాతగుర్తులు ఎక్కువ. మన భాషలో తక్కువ. అంతియే భేదము.

రెండవ చిక్కు ఉచ్చారణ. మనది అజంతభాష. పదము చివర అచ్చు లేనిదే మన నాలుకకు తృప్తి యుండదు. అందుచేతనే 'బస్' మనకు బస్సైనది, 'రోడ్' రోడ్డైనది, 'పెన్' పెన్నైనది. తెలుగు మాటలాడునప్పుడు ఇట్లనుట తప్పు కానే కాదు. పరదేశపు పదమునకు మన బట్ట కట్టి ఇంటిలోనికి రానిచ్చితిమి. ఆంగ్లము మాటలాడునప్పుడు మాత్రము ఆ చివరి ఉకారమును విడువవలయును. అట్లే 'వీ' అను అక్షరమునకును, 'డబుల్యూ' అను అక్షరమునకును మనకు ఒకే వకారము గలదు. పడమర అను అర్థము గల పదమును, లోపలి చొక్కా అను అర్థము గల పదమును మనము 'వెస్ట్' అనియే పలుకుదుము. ఆంగ్లేయులు మొదటిదానికి పెదవులను గుండ్రముగ చుట్టుదురు. రెండవదానికి పై పలువరుసను క్రింది పెదవికి తాకింతురు. అద్దము ముందు నిలిచి పది దినములు అభ్యసించినచో ఈ భేదము పట్టుబడును.

ఇంతకంటె కష్టమైనది ఊనిక. తెలుగులో ఒక పదమునందలి అక్షరములన్నియు ఇంచుమించు సమానమైన బలముతో పలుకబడును. ఆంగ్లములో ఒక అక్షరముమీద బలమునుంచి మిగిలినవానిని మింగివేయుదురు. 'ప్రెజెంట్' అని మొదటిభాగమును నొక్కినచో బహుమానమని అర్థము. 'ప్రిజెంట్' అని రెండవభాగమును నొక్కినచో సమర్పించుట యని అర్థము. వాక్యములోని చిన్నపదములను వారు ఎంత తేలికగ పలుకుదురనగా, మన చెవికి అవి వినబడనే వినబడవు. పుస్తకములో చదివి చక్కగ గ్రహించు విద్యార్థి, ఆంగ్లేయుడు మాటలాడినప్పుడు ఏమియు తెలియక నిలువబడుటకు ఇదియే కారణము. కన్నులతో నేర్చిన భాషను చెవులతో మరల నేర్వవలసియున్నది.

మూడవది వాక్యపు నడక. ఇది అన్నిటికంటె లోతైన భేదము. "రాముడు రావణుని చంపెను" అనినను, "రావణుని రాముడు చంపెను" అనినను మనకు అర్థము ఒక్కటే. చంపినవాడెవడో, చచ్చినవాడెవడో విభక్తి చెప్పుచున్నది. పదము ఎక్కడ కూర్చున్నను దాని గుర్తు దాని మెడలోనే యున్నది. ఆంగ్లములో నామపదమునకు ఆ గుర్తు లేదు. దాని స్థానమే దాని పదవి. క్రియకు ముందున్నది కర్త, వెనుకనున్నది కర్మ. ఆ రెండు పేర్లను తారుమారు చేసినచో రావణుడే రాముని చంపినట్లగును! కావున తెలుగు వాక్యములోని పదములను ఉన్నవి ఉన్నట్లుగ తీసి, ఒక్కొక్క దానికి ఆంగ్లపదమును తగిలించు విద్యార్థి ఎంత కష్టపడినను ఫలము లేదు.

ఈ భేదమునకు మూలము భాషాకుటుంబములలో నున్నది. ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ అను ఆంగ్లేయ విద్వాంసుడు, 1816లో వెలువడిన క్యాంబెల్ తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుగు తమిళకన్నడములతో చేరిన వేరొక కుటుంబమునకు చెందినదని చూపెను. సంస్కృతపదములు మన భాషలో ఎన్ని చేరినను దాని ఎముకలగూడు ద్రావిడమే. ఆంగ్లము ఆ గూటిలో పెరిగిన పక్షి కాదు.

మన క్రియాపదము కర్తను గూడ తనలో దాచుకొనును. 'వచ్చితిని' అన్నచో వచ్చినవాడను నేనని తెలిసిపోవును; 'నేను' అని వేరుగ చెప్పనక్కరలేదు. ఆంగ్లములో కర్త లేని వాక్యము సామాన్యముగ నిలువదు. వాన కురియుటకు కర్త యెవడు? ఎవడును లేడు. అయినను వారు 'ఇట్' అను ఒక ఉత్తపదమును తెచ్చి కర్తపీటమీద కూర్చుండబెట్టి "ఇట్ ఈజ్ రైనింగ్" అందురు. మన పిల్లలు ఆ 'ఇట్'ను విడిచివేయుదురు. వారికి అది అక్కరలేనిదిగ తోచును. వారి తోపు తెలుగు న్యాయమునుబట్టి సరియైనదే!

ప్రశ్న వేయుటలో గూడ ఇట్టిదే గలదు. "ఆమె పాడును" అను వాక్యమునకు చివర దీర్ఘము తీసినచో "ఆమె పాడునా?" అను ప్రశ్న యైనది. ఆంగ్లములో 'షి సింగ్స్' అను వాక్యమును ప్రశ్నగ మార్చుటకు 'డూ' అను సహాయకుని పిలువవలయును. ఆ సహాయకుడు వచ్చుటతోడనే క్రియ తన చివరి సకారమును అతని కప్పగించి తాను తేలికపడును: "డజ్ షి సింగ్?" అని యగును. పిల్లలు "డజ్ షి సింగ్స్?" అని రెండు చోట్లను సకారము నుంతురు. బరువును ఒక్కడే మోయునని జ్ఞాపకముంచుకొన్నచో ఈ తప్పు రాదు. ఇంకను 'కదా' అను మాట చూడుడు. "నీవు వత్తువు కదా? వారు పోయిరి కదా? అది మంచిది కదా?" అని అన్నిటికిని మనకు ఒకటే 'కదా' చాలును. ఆంగ్లములో వాక్యమునుబట్టి ఆ తోక మారుచుండును. మనవారు అన్నిటికిని 'ఈజింట్ ఇట్' అని తగిలించుటకు మూలము మన 'కదా'యే.

నాలుగవ చిక్కు 'ఏ, ఆన్, ది' అను మూడు చిన్నపదములు. ఇట్టివి తెలుగులో లేవు. లేనిదానిని గుర్తుంచుకొనుట కష్టము. అయినను 'ఏ', 'ఆన్' అను రెండింటి రహస్యము మనకు పరిచితమైనదే. 'మా' అను మాటకు 'అమ్మ' అను మాట చేరినప్పుడు రెండచ్చులు ఢీకొనకుండ నడుమ యకారము వచ్చి 'మాయమ్మ' అగును. దానిని యడాగమమని మీరు వ్యాకరణములో చదివియున్నారు. ఆంగ్లములో అచ్చుధ్వనికి ముందు 'ఏ' అనక 'ఆన్' అనుటయు అట్టి సౌకర్యము కొరకే. చరిత్ర మాత్రము వేరు. 'ఒకటి' అను అర్థము గల పదమునుండి పుట్టిన 'ఆన్' రూపమే పాతది. హల్లులకు ముందు దాని నకారము జారిపోయి 'ఏ' మిగిలినది. ఇది అక్షరమునకు సంబంధించిన నియమము కాదు; ధ్వనికి సంబంధించినది. గంట అను అర్థము గల 'అవర్'నకు ముందు 'ఆన్' వచ్చును, ఏలయన అందలి 'హెచ్' పలుకబడదు. 'యూనివర్సిటీ'కి ముందు 'ఏ' వచ్చును, ఏలయన అది యకారముతో మొదలగును. 'ది' అను పదము మాత్రము మిగుల లోతైనది. చెప్పువానికిని వినువానికిని ఇదివరకే తెలిసిన వస్తువును అది సామాన్యముగ సూచించును. దాని ప్రయోగము సూత్రములవలన కంటె చదువువలననే ఎక్కువగ అలవడును.

ఐదవది విభక్తులకు బదులుగ ఆంగ్లేయులు వాడు చిన్నపదములు. మన విభక్తి నామము వెనుక వచ్చును. వారిది ముందు వచ్చును. "ఐదు గంటలకు, ఆదివారమునాడు, జనవరిలో" అని మనము మూడు తీరుల చెప్పుదుము. వారును 'ఎట్, ఆన్, ఇన్' అని మూడు తీరుల చెప్పుదురు. ఇంతవరకు సుఖము. కాని గోడమీద బొమ్మ యున్నది, చెట్టుమీద పిట్ట యున్నది అని మనము రెండింటికిని 'మీద' అనుచుండగా, ఆంగ్లములో బొమ్మకు 'ఆన్', పిట్టకు 'ఇన్' వాడుదురు. పిట్ట కొమ్మల నడుమ నున్నదని వారి ఊహ. మనము 'ఒక విషయమును గూర్చి' చర్చింతుము. కావున 'డిస్కస్' పక్కన 'అబౌట్' చేర్తుము. వారి క్రియకు అది అక్కరలేదు. మనకు ఆకలి వేయును, మనకు జ్వరము వచ్చును, మనకు ఇద్దరు తమ్ములుందురు. అన్నియు 'మనకు' వచ్చునవే. ఆంగ్లేయుడు మాత్రము తానే కర్తయై ఆకలిగొన్నవాడగును, జ్వరమును కలిగియుండును, తమ్ములను కలిగియుండును. మాటలకంటె ముందు మనసు పీట మార్చుకొనవలయును.

ఇక జాతీయముల సంగతి. 'పుట్' అను క్రియకు 'ఆఫ్' చేర్చినచో వాయిదా వేయుట, 'ఔట్' చేర్చినచో దీపము నార్పుట అని అర్థములు మారుటను చూచి మన విద్యార్థి గుండె జారిపోవును. ఇది యెక్కడి న్యాయమని అతడు విసుగుకొనును. కాని ఒక్కసారి మన 'పడు' అను మాటను తలచుకొనుడు. కష్టపడుట, సిగ్గుపడుట, త్వరపడుట, బయటపడుట, మాటపడుట, రాజీపడుట! వీనిలో నిజముగ క్రిందపడినవాడెవడు? తెలుగు నేర్చుకొను పరదేశి మన 'పడు' వలన ఎన్ని పాట్లు పడుచుండునో!

నిజమునకు తెలుగు నేర్చుకొన్న ఆంగ్లేయులు తక్కువ పాట్లు పడియుండరు. 1812లో మదరాసులో ఫోర్టు సెంటు జార్జి కళాశాల నెలకొల్పబడినది. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన పడుచు ఆంగ్లేయులు అచట మన దక్షిణదేశభాషలను నేర్చి పరీక్షల నీయవలసియుండెను. వారి చెవికి మన తకారమునకును టకారమునకును భేదము తెలియుట సులభము కాదు. 'మేము' అన్నప్పుడు వినువాడు చేరడనియు, 'మనము' అన్నప్పుడు చేరుననియు వారికి క్రొత్తగ నేర్వవలసియుండెను. వారి భాషలో రెంటికిని ఒకటే పదము. నీవు, మీరు, తాము అను మర్యాదల భేదము గూడ అట్టిదే. అట్లు వచ్చినవారిలో ఒకడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. అతడు 1817లో మదరాసు చేరెను. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. తెలుగు అతనికి పుట్టుకతో వచ్చిన భాష కాదు. అయినను తాళపత్రములను సేకరించి, పండితులను కూర్చుకొని, ఏండ్లతరబడి కృషి చేసి, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. దానిని మనవారు నేటికిని తిరుగవేయుచున్నారు. పరభాష యౌవనమున నేర్చినవానికి గూడ లొంగుననుటకు ఇంతకంటె నిదర్శనము వేరేల?

ఇప్పుడు ఒక ప్రశ్న పుట్టును. ఈ చిక్కులలో అన్నిటికంటె కష్టమైనది ఏది? అక్షరక్రమమా? ఊనికయా? 'ది' అను పదమా? నా మట్టునకు ఇవి ఏవియు కావు. తప్పు పోవునేమో యను భయమే అన్నిటికంటె కష్టమైనది. అక్షరక్రమము నిఘంటువు చూచినచో తెలియును. ఊనిక వినుటవలన వచ్చును. వాక్యపు నడక చదువుటవలన అలవడును. కాని నోరు మూసికొన్నవానికి ఏ పుస్తకమును తోడ్పడదు. భాష నోటితో చేయు పని. ఈత నేర్చువాడు నీరు మ్రింగక నేర్వలేడు. గట్టుమీద నిలిచి నవ్వువారికి వెరచి నీటిలో దిగనివానికి ఈత యెన్నటికిని రాదు.

కొందరు పెద్దలు దీనికి విరుగుడుగ, పిల్లలను తెలుగు మాటలాడనీయకున్నచో ఆంగ్లము దానంతట అదియే వచ్చునందురు. తెలుగు మాటలాడినందుకు దండించుటయు అచటచట గలదు. ఆ తలిదండ్రుల ఆరాటమును నేను తప్పుపట్టను. ఉద్యోగములకును, పై చదువులకును ఆంగ్లము అవసరమగుట వారు కన్నులార చూచుచున్నారు. కాని వారు చూపు మార్గము నాకు సమ్మతము కాదు. కర్త యేదో, కర్మ యేదో తెలుగులో తెలిసినవానికి ఆంగ్లములో వాని స్థానములను చూపుట సులభము. యడాగమము నెరిగినవానికి 'ఆన్' తెలియుట సులభము. మొదటి భాష రెండవ భాషకు నిచ్చెన. నిచ్చెనను తీసివేసి మేడ యెక్కుమనుట న్యాయము కాదు. మరికొందరు ఆంగ్లము పరదేశీయుల భాష యగుటచే మనకు దానితో పనిలేదందురు. ఇదియు సరికాదు. ఆ మాట చెప్పువారిలో పెక్కుమంది ఆంగ్లము నేర్చిన పిమ్మటనే చెప్పుచున్నారు. నేర్వవలసిన అవసరము పల్లెటూరి పిల్లవానికే యెక్కువ.

పరభాషను ప్రేమతో నేర్చినవాడు తన భాషకు దూరము కాడు. గిడుగు వేంకట రామమూర్తిగారు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిరి. ఆ ప్రాంతపు కొండలలో నివసించు సవరల భాషను వారు నేర్చుకొనిరి. నాడు ఆ భాషకు లిపి లేదు. వారు ఆ భాష తెలిసినవారిని అడిగి, విని, వ్రాసికొని అభ్యసించిరి. 1931లో దానికి వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. వాడుక తెలుగునకై పోరాడినవారును వారే. తన భాషను గౌరవించువాడే పొరుగువాని భాషను గౌరవించి నేర్వగలడని వారి జీవితము చూపుచున్నది.

విద్యార్థులారా! మీరు చేయదగిన పనులు కొన్ని గలవు. ఒక చిన్న పుస్తకమును వేరుగ నుంచుకొని మీ తప్పులను అందులో వ్రాసికొనుడు. ప్రతి తప్పునకు ఎదుట, తెలుగులో ఆ మాటను ఎట్లందుమో వ్రాయుడు. పెక్కు తప్పులు ఆ పోలికవలననే విడిపోవును. విడిపదములను వల్లించుటకంటె చిన్న చిన్న వాక్యములను నోటికి తెచ్చుకొనుడు. దినమునకు ఒక పుటనైనను బిగ్గరగ చదువుడు. రేడియోలోనో, సెల్‌ఫోనులోనో ఆంగ్లవార్తలను పది నిమిషములు వినుడు. మొదట అర్థము కాకున్నను చెవికి ఆ నడక అలవాటగును. సులభమైన కథల పుస్తకములను, నిఘంటువును మాటిమాటికి తెరువక, సాగిపోవునట్లు చదువుడు. ఇద్దరు స్నేహితులు కలిసి, ఒకరి తప్పును ఒకరు నెమ్మదిగ దిద్దుకొనుచు మాటలాడుకొనుడు.

ఇవన్నియు ఒక యెత్తు. నేను కోరు చివరి కోరిక ఒక యెత్తు. రేపో మాపో మీ తరగతిలో ఎవడో ఒకడు లేచి, 'నో' అనవలసినచోట "ఎస్ సార్" అనును. అప్పుడు మీరు నవ్వకుడు. అతడు ఏమి చెప్పదలచెనో మీకు తెలిసినచో లేచి ఉపాధ్యాయునకు విన్నవింపుడు. నాడు మా తరగతిలో ఆ బాలుని మాటకు సరియైన అర్థము తెలిసినవారు నలుబదిమందిమి ఉంటిమి. మాలో ఒక్కడును లేచి చెప్పలేదు.